కలపొద్దు మాస్టారు

మా స్కూల్లో కెమిస్ట్రీ మాస్టారికి ఒకటే జబ్బు: ఏ రెండు వస్తువులు కలుస్తున్నా ఆయన చూడలేరు.

టీ తాగేసి, ఆ తర్వాత చెంచాడు పంచదార విడిగా నోట్లో వేసుకునేవారు. నా ఎర్రసిరా సీసాలో నీలం చుక్క పడిందని నాతో చాలాకాలం ముభావంగా ఉన్నారు. "మరి మీ పెళ్లెలా జరిగింది మాస్టారూ?" అని ఒకసారి అడిగాను. "పెద్దవాళ్లు కలిపారండీ. నేను ఆలోచించమనే అన్నాను. ఈ మాట మా ఆవిడ దగ్గర అనకండి" అన్నారు గొంతు తగ్గించి.

పక్కగదిలో లెక్కలు చెప్పే నాకు ఆయన పాఠం గోడ దాటి వినిపించేది.

"సోడియం నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ పీలిస్తే ప్రాణం మీదికొస్తుంది. రెండూ కలిస్తే?"

"ఉప్పు సార్!"

"పొద్దున మీరు తిన్నదే. అలాగని మురిసిపోకండి. మూలకాలు కలిశాక వాటి పాత గుణాలు ఉండవు. మంచివి కలిసి విషం కావచ్చు, విషాలు కలిసి ఉప్పు కావచ్చు. కాబట్టి తెలియకుండా...?"

"కలపొద్దు!" అని క్లాసంతా అరిచేది. ఆయన పేరు కూడా అదే అయిపోయింది.

మర్నాడు తనిఖీ అనగా, మొదటి అంతస్తులో నేను పాఠం చెబుతుంటే గొంతు మండింది. ముందు బెంచీ పిల్ల దగ్గడం మొదలుపెట్టింది. తర్వాత క్లాసంతా. వరండాలోకి వచ్చి చూస్తే, చివరనున్న బాత్రూమ్ తలుపు కింది నుంచి పసుపూ ఆకుపచ్చా కాని పొగ పాకుతోంది. నేలమీది మరకలు పోగొట్టాలని మా ఆయా పొద్దుటి నుంచీ అందులోనే ఉంది.

పిల్లలు కింది మెట్లవైపు పరుగెత్తారు. ల్యాబ్‌లోంచి మాస్టారు వచ్చారు. ఒక్కసారి వాసన చూశారు. ముఖం పాలిపోయింది. ఎప్పుడూ అరిచే మనిషి మొదటిసారి నెమ్మదిగా మాట్లాడారు.

"టీచర్‌గారూ, అందర్నీ మేడ మీదికి ఎక్కించండి. కిందికి వద్దు. క్లోరిన్ గాలికన్నా బరువు. మెట్లు దిగి వాళ్ల వెనకే వెళుతుంది."

"లోపల ఆయా..."

"తెలుసు. మీరు పిల్లల్ని చూడండి."

పిల్లల్ని పైకి తోసి వెనక్కి చూశాను. ఆయన తలుపు బాదుతున్నారు.

"అమ్మా! గడియ తియ్యి!"

"నేల తడిగా ఉంది సార్... జారిపడతారు... రాకండి..." అంది లోపలి నుంచి దగ్గుతూ.

ఆ తర్వాత దగ్గు కూడా ఆగిపోయింది.

మాస్టారు బక్కమనిషి. భుజంతో ఒక గుద్దు గుద్దారు. తలుపు కదల్లేదు. వరండా అవతలి కొసకు వెళ్లి నిండా ఊపిరి పీల్చుకుని, పరుగున వచ్చి మళ్లీ గుద్దారు. గడియ ఊడింది. ఆయన లోపలికి మాయమయ్యారు.

ఎందుకో నేను కూడా ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయింది. ఆయన రాలేదు. "మాస్టారూ!" అని అరవబోతే దగ్గు తప్ప మాట రాలేదు.

అప్పుడు పొగలోంచి ముందు ఒక చీపురు బయటికి వచ్చింది. దాన్ని పట్టుకుని ఆయా, ఆయాని ఈడ్చుకుంటూ మాస్టారు.

"చీపురు వదులమ్మా!"

"కొత్తది సార్!"

ఇద్దర్నీ మేడ మీదికి లాగాం. గాలి తగిలాక ఆయా ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. ఆసుపత్రిలో పరీక్షించి, ఇద్దరికీ గండం గడిచిందన్నారు. తనిఖీ వాయిదా పడింది. అసలు గండం ప్రిన్సిపాల్ గదిలో మొదలైంది.

"బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోసిందెవరు?" ప్రిన్సిపాల్‌గారి కళ్లు నిప్పులు కక్కుతున్నాయి. "పిల్లలకేమైనా అయ్యుంటే? పోసినవాళ్లకి ఈ స్కూల్లో ఉద్యోగం ఉండదు!"

ఆయా కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఈ ఉద్యోగమే దిక్కు. ఏదో చెప్పబోయింది.

"నేనే కలిపానండీ" అన్నారు మాస్టారు.

"మీరా?" ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు తీశారు. "టీలో పంచదారే కలపని మనిషి, మీరు కలిపారా?"

"ఊళ్లో కనబడ్డవాళ్లందరికీ కలపొద్దని చెబుతాను. రోజూ ఆ రెండు డబ్బాలూ చేత్తో పట్టుకునే మనిషికి మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. చెప్పాల్సినవాణ్ని చెప్పకపోతే, నేను కలిపినట్టే."

నేను కిటికీవైపు చూస్తూ కూర్చున్నాను. ఆయన ఎవరిమీద కేకలేసినా, అది ఆ మనిషికి ఏమవుతుందోనన్న బెంగేనని నాకు అప్పుడు అర్థమైంది.

ప్రిన్సిపాల్‌గారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. పెదవి కొస వణికింది. కోపంతో కాదనుకుంటాను.

"సరే. మీరే కలిపారు కాబట్టి మీరే కడగండి. వారం రోజులు."

మర్నాడు వెళ్లి చూస్తే, మాస్టారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని ఉత్తి నీళ్లతో నేల రుద్దుతున్నారు. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని ఆయా కూర్చుంది.

"ఆ కుళాయి వెనక వదిలేశారు సార్."

"ఎక్కడమ్మా?"

"ఇంకొంచెం వంగండి. తనిఖీవాళ్లు ముందు అక్కడే చూస్తారు."

మాస్టారు బుద్ధిగా వంగారు.