కళ్ళు మూసుకొని ఎత్తిన చేతులు

మొన్న మధ్యాహ్నం తంజోంగ్ పగార్‌లో భోజనానికి వెళ్తే, తిండికొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఒక ఖాళీ కుర్చీ మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ పెట్టి ప్లేటు తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఈ ఊళ్ళో దాన్ని చోప్ చెయ్యడం అంటారు. అరచేతిలో పట్టే ఆ కాగితాల పొట్లం ఉంటే చాలు, ఎంత ఆకలి మీద ఉన్నవాడైనా ఆ కుర్చీలో కూర్చోడు. చిన్నప్పుడు నేనూ తమ్ముడూ ప్రతి ఆదివారం ఇలాగే టిష్యూ ప్యాకెట్లు పెట్టి మా సంఘంలో వెనక వరసల కుర్చీలు ఆపేవాళ్ళం. ఎవరి కోసం ఆపేవాళ్ళమో గుర్తొస్తే ఇన్నేళ్ళయినా నాకు కోపం ఆగదు. పొద్దుగుంకేలోపు కోపం చల్లార్చుకోవాలని వాక్యం చెబుతుంది. నా కోపం మీద ఎన్ని పొద్దులు గుంకాయో నాకే తెలియదు.

మా తెలుగు సంఘం అప్పట్లో అక్కడికి దగ్గర్లోనే, ఒక పాత దుకాణం మేడ మీద కూడుకునేది. కింద కాఫీ గింజలు వెన్నలో వేయించే కొట్టు ఉండేది. చెక్కమెట్లు ఎక్కుతుంటేనే ఆ మాడు తీపి వాసన బట్టలకు పట్టేది. పైకి వెళ్ళాక తడిసిన గొడుగుల వాసన, ఆంటీల జడల్లో మల్లెల వాసన, డిసెంబరు వానల్లో కిటికీలన్నీ మూసి పాటలు పాడుతుంటే వాటన్నిటినీ కలిపి తిప్పే ఫ్యాన్ల రొద. క్రిస్మస్‌కు ముందు మా బిషాన్ ఫ్లాటులో అమ్మా ఇరుగుపొరుగు ఆంటీలూ కలిసి గులాబీ పువ్వులు వండేవాళ్ళు. కాలిన అచ్చును పిండిలో ముంచి నూనెలో విదిలిస్తుంటే, పిల్లలం కారిడార్‌లో ఐదు బుల్లి గుడ్డసంచులు ఎగరేసి పట్టే ఆట ఆడుకుంటూ, విరిగిపోయే రేకుల కోసం చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళం. కంప్యూటరు ఉద్యోగాలు వానలా కురిసిన రోజులవి. ఏ ఆదివారం చూసినా గుంటూరు నుంచో విశాఖ నుంచో ఒక కొత్త కుటుంబం, చంకలో పిల్లతో, మెట్ల దగ్గర చెప్పులు విప్పుతూ కనిపించేది.

అయితే ఆ సంఘాన్ని మొదలుపెట్టింది కంప్యూటరు వాళ్ళు కాదు. తువాస్ ఓడల యార్డుల్లో వెల్డింగు చేసే మనుషులు. ఆదివారం కూడా మధ్యాహ్నం దాకా పనిచేసి, స్నానాలు చేసి, తెల్లచొక్కాలు తొడుక్కొని లారీ వెనక చెక్కబల్లల మీద కూర్చొని వచ్చేవాళ్ళు. వాళ్ళ కోసమే మా ఆరాధన మూడింటికి. గ్రీజు వదలడానికి వాళ్ళు చేతులకు రాసుకునే ముద్ద నారింజపండు వాసన వేసేది. లారీ ఆగిందంటే మాకు ముందు తెలిసేది ఆ వాసనే. పెద్ద డేగిసాలో కోడికూర, సీసాలో గోంగూర పచ్చడి మోసుకొచ్చేది దేవదానం అంకుల్. యార్డులో ఫోర్‌మన్ ఆయన. పాట ఎత్తుకుంటే కింద కాఫీ కొట్టు ముసలాయన కూడా గరిటె ఆపి వినేవాడు.

సంఘ పెద్ద ఏసుపాదం తాతగారు. ఈ ఊళ్ళోనే తల నెరిసిన మనిషి. భోజనమైందా అనడానికి మమ్మల్ని 'మకాన్ అయిందా' అని మలయ్ కలిపి పలకరించేవాడు. ఆయనకు మోకాళ్ళు పట్టేసి మెట్లు ఎక్కలేక కుర్చీ దిగిపోతానన్నాడు. మా సంఘానికి అదే మొదటి ఎన్నిక. దేవదానం అంకుల్ పేరు అందరి నోటా వచ్చింది. అదే నెలలో అమెరికాలో ఒక మహానగరం నుంచి బదిలీ మీద వచ్చిన ప్రభాకర్ అంకుల్ కూడా నిలబడ్డాడు. ఆయన మా నాన్న ఆఫీసులో మేనేజరు, నాన్నకు పైవాడు.

"మా సిటీలో మేయర్ ఇంక పోటీ చెయ్యనన్నాడండి. సీటు ఖాళీ. ఎంతమంది దిగారనుకున్నారు? ఇంటింటికీ తిరిగారు. ఎలక్షన్ అంటే అదీ" అని మా హాల్లో సోఫాలో కూర్చొని చెప్పేవాడు. చెప్పినట్టే తానూ ఇంటింటికీ తిరిగాడు, కేకు పెట్టెలు పట్టుకొని. పిల్లలందరికీ తన బొమ్మ ఉన్న బ్యాడ్జీలు పంచాడు. తానొస్తే ఆరాధన పొద్దున తొమ్మిదికి మారుస్తానన్నాడు. సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు, మనకు మాల్‌కు వెళ్ళే వీలు. చాలామందికి నచ్చింది. తొమ్మిదికైతే తువాస్ లారీ రాదని ఆ సోఫాలో ఎవరూ అనలేదు. నాన్న టీ అందించాడు.

ఎన్నిక రోజు ఇద్దర్నీ మాట్లాడమన్నారు. ప్రభాకర్ అంకుల్ మేయరు కథంతా మళ్ళీ చెప్పాడు. దేవదానం అంకుల్ లేచి, "ఆరాధన మూడింటికే ఉంచండి. అంతకంటే మావోళ్ళకి ఏం వద్దండి" అని కూర్చున్నాడు.

ఓటు పద్ధతి తాతగారు పెట్టింది. అందరూ ప్రార్థనలో తల వంచి కళ్ళు మూసుకోవాలి, పేరు చెప్పినప్పుడు చెయ్యెత్తాలి. ఎవరు ఎవరికి ఎత్తారో దేవుడికీ లెక్కపెట్టేవాడికీ తప్ప తెలియకూడదు, రేపు ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా అని. లెక్కపెట్టేవాడు సంఘం కార్యదర్శి. అంటే మా నాన్న.

కళ్ళు మూసుకోమంటే పిల్లలు ఎప్పుడైనా మూసుకున్నారా? దేవదానం అంకుల్ పేరు చదివినప్పుడు వెనక వరసలన్నీ ఒక్కసారిగా లేచాయి. గోళ్ళ సందుల్లో నలుపు వదలని చేతులు. మధ్య వరసల్లో గాజుల చేతులు కూడా లేచాయి, వాటిలో మా అమ్మది ఒకటి. ప్రభాకర్ అంకుల్ పేరుకు ముందు రెండు వరసల్లోనే, అక్కడక్కడ, కోసేసిన చేలో మిగిలిన దుబ్బుల్లా లేచాయి. నాన్న అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"దేవుని చిత్తం ప్రకారం ప్రభాకర్ గారు ఎన్నికయ్యారు. ఆమెన్" అన్నాడు.

అంతా ఆమెన్ అన్నారు. వెనక వరసలు అందరికంటే గట్టిగా అన్నాయి.

అంతకు ముందు వారమే సండే స్కూల్లో, అపొస్తలుల ముందు అబద్ధమాడి అక్కడికక్కడే పడి చచ్చిపోయిన భార్యాభర్తల కథ చెప్పారు. నాన్న కూడా అలా పడిపోతాడని వణికిపోతూ చూశాను. పడలేదు. చేతులు కడుక్కొని వచ్చి కోడికూర వడ్డించుకున్నాడు. దేవుడి పేరు వ్యర్థంగా ఎత్తిన నోటితోనే ముక్క కొరికాడు. నేను ఉండబట్టలేక అందరి ముందూ, ఈ ఊరి పిల్లల ఇంగ్లీషులో అడిగేశాను.

"నాన్నా, దేవదానం అంకుల్ గాట్ మోర్ హ్యాండ్స్ వాట్. ఐ సా, లా."

ప్రభాకర్ అంకుల్ నవ్వాడు. "ప్రార్థనలో కళ్ళు తెరిచావా తల్లీ? తప్పు కదూ?"

అంతే, అందరి చూపూ నా మీదికి తిరిగింది. ప్రార్థనలో కళ్ళు తెరిచిన పిల్ల. ఈ కాలం పిల్లలకు భయభక్తులు లేవని ఒక ఆంటీ. అమ్మ నా తొడ మీద మెలేసి గిల్లింది. చేతులు ఎన్ని లేచాయని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నాన్నను అడగలేదు.

దేవదానం అంకుల్ మాత్రం గరిటెతో నా ప్లేటులో ఇంకో ముక్క వేసి, "పాపనేం అనకండి సార్" అన్నాడు నాన్న వైపు చూస్తూ. నాన్న ప్లేటులోంచి తల ఎత్తలేదు. దేవదానం అంకుల్‌కు అర్థమైపోయింది. ఆయనా అడగలేదు. డేగిసా కడిగి, బోర్లించి, తలమీద పెట్టుకొని మెట్లు దిగాడు.

తరవాతి నెల ఆరాధన తొమ్మిదికి మారింది. నేనూ తమ్ముడూ అలవాటు కొద్దీ తువాస్ లారీ వాళ్ళ కోసం వెనక వరసల్లో టిష్యూ ప్యాకెట్లు పెట్టాం. పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది, కుర్చీలు అలాగే ఉన్నాయి. కొత్త సంఘ పెద్ద చెమటపట్టి వెనక్కి వచ్చి, ఒక ప్యాకెట్ చించి, మెడ తుడుచుకున్నాడు. నా పదేళ్ళ ఒంట్లో ఎంత కోపం పట్టిందో, అంతా ఈ నలభైల్లోనూ అలాగే ఉంది.

నాన్న ఉద్యోగం కోసం చేశాడని పెద్దయ్యాక అమ్మ చెప్పింది. ఉద్యోగం పోతే దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చేదట. ఆ కంపెనీ ఏడాది తిరక్కుండానే మూతపడింది. ప్రభాకర్ అంకుల్ మళ్ళీ తన మహానగరానికే వెళ్ళిపోయాడు. నాన్నకు ఇంకో ఉద్యోగం దొరికింది. ఆరాధన మాత్రం తొమ్మిది దాటి కదల్లేదు.

ఇప్పుడు ఆ మేడ లేదు, అద్దాల భవనం వచ్చింది. వెన్నలో వేగే కాఫీ లేదు. లారీ వెనక తెల్లచొక్కాలు లేవు, నారింజ వాసన లేదు. దేవదానం అంకుల్ ఎక్కడున్నాడో మా సంఘంలో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని ఎవరికీ లేదు. నేను నమ్ముతాను, ఇప్పటికీ, వెల్లువ వచ్చినా వదలనంతగా. నా తగువు దేవుడితో కాదు. ఆయన చిత్తమని చెప్పి తమ పని కానిచ్చుకునే వాళ్ళతో.

ప్రతి ఆదివారం బిషాన్‌లో నాన్న దగ్గరే భోంచేస్తాం. కంచాల ముందు చేతులు జోడించి, "అందరూ కళ్ళు మూసుకోండి" అంటాడు. నేను మూసుకోను. ఆయనా మూసుకోడు. ఆమెన్ అనేదాకా బల్లకు అటూ ఇటూ ఒకరినొకరం చూసుకుంటాం. ముందు కళ్ళు దించేది ఎప్పుడూ ఆయనే.