మా తాత కబురు చెప్పే తీరు

మా తాత దేవసహాయం గోదావరిఖనిలో ఒక బాయి ఆఫీసులో అటెండర్. బాయి అంటే మా దగ్గర నీళ్ల బావి కాదు, బొగ్గు గని. తాత ఏనాడూ లోపలికి దిగి బొగ్గు తియ్యలేదు. పైన ఉన్నవాళ్ల ప్రాణాలు మాత్రం బాగా తీసేవాడని మా బాపమ్మ ఎలిజబెత్ అనేది. ఎందుకంటే ఆయన పని కబుర్లు మొయ్యడం.

ఎనభైల్లో కాలనీ క్వార్టర్లలో ఫోన్లు లేవు. పెద్ద సార్ల బంగళాల్లోనే ఉండేవి. గనిలో పంపు ఆగితే ఫిట్టర్ను పిలుచుకు రావాలి. డ్యూటీకి రాని మనిషి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఇంటివాళ్లకు చెప్పాలి. అన్నిటికీ తాతే సైకిలెక్కేవాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి హ్యాండిల్ మీదికి వంగి తొక్కుతుంటే, మడిచిన గొడుగును సైకిలుకు కట్టినట్టుండేదని మా నాన్న నవ్వేవాడు.

షిఫ్టు దిగే వేళ కాని వేళ ఆ సైకిలు క్వార్టర్ల లైనులోకి వచ్చిందంటే ఆడవాళ్ల చేతుల్లో పని ఆగిపోయేది. బియ్యం చేట ఒళ్లోనే ఉండేది, చెరగడం ఉండేది కాదు. సైకిలు తమ ఇల్లు దాటిపోతే ఊపిరి పీల్చుకుని, అప్పుడు పక్కింటి కోసం భయపడేవాళ్లు. తాతకు ఇది తెలుసు. అందుకే మామూలు పని మీద వస్తే లైను మొదట్లోనే అరుపు అందుకునేవాడు.

"ఓ ఖాజా! పంపు అలిగిందట! నువ్వొచ్చి బతిమాలితెగాని నీళ్లు తోడదట! జల్ది రా!"

ఫిట్టర్ ఖాజా భార్య రబియా బీ తలుపు సందులోంచి బదులిచ్చేది. "అన్నం తింటున్నడు కాకా. జర ఆగుమని పంపుకు చెప్పు!"

లైనంతా నవ్వేది. ఆగిన చేటలు మళ్లీ ఆడేవి.

ఒకసారి జలుబు చేసి తాత గొంతు పూర్తిగా పోయింది. ఆ రోజు ఆయన ఎవరింటికీ కబురు మోసుకుపోవడం లేదు. చాయ తాగడానికి పోతున్నాడు. సదయ్య క్వార్టర్ ముందుకు రాగానే సైకిలు చెయిన్ ఊడింది. దిగి, తల వంచుకుని, చెయిన్ ఎక్కించడం మొదలుపెట్టాడు. సదయ్య భార్య పోశవ్వ చూసింది. దేవసహాయం తన ఇంటి ముందే ఆగాడు. అరవలేదు. తల ఎత్తడం లేదు. ఇంకేం కావాలి? ఆమె పెట్టిన కేకకు పక్క లైనువాళ్లు కూడా ఉరికొచ్చారు. తాత చేతులూపుతూ కాదు కాదని చెప్పబోయాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. పాపం, దుఃఖంతో మాట పెగలడం లేదనుకుని ఇంకో నలుగురు ఏడుపందుకున్నారు.

సదయ్య షిఫ్టు దిగి, ముఖం నిండా బొగ్గుతో ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు జనం.

"ఎవలు పోయిన్రు?" అని అడిగాడు.

ఎవరో ఏడుస్తూనే జవాబిచ్చారు. "సదయ్య."

"ఏ సదయ్య?"

అప్పుడు తలలెత్తి చూశారు. పోశవ్వ మొగుణ్ణి పట్టుకుని మళ్లీ కాసేపు ఏడ్చింది. తర్వాత చీపురు పట్టుకుని తాత కోసం చూసింది. తాత అప్పటికే చెయిన్ ఎక్కించుకుని ఉడాయించాడు.

"నేను నోరన్న తెరువలేదు. చెప్పినట్టు ఎట్లయింది?" అని ఇంటికొచ్చి గుసగుసగా బాపమ్మను అడిగాడట.

"నీ మూతి సాలదా? నన్ను సూడవచ్చిన దినం గూడ గట్లనే పెట్టుకొని వచ్చినవ్. మావోళ్లల్ల ఎవలో సచ్చిన్రనుకున్న," అన్నది బాపమ్మ.

నవ్వుకునే కబుర్లే అయితే మా తాత గురించి ఇంత చెప్పాల్సిన పని లేదు. చెడ్డ కబురు చెప్పడానికి కాలనీలో ఒక పద్ధతి ఉండేది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఎంత పెద్ద దెబ్బ తగిలినా, కబురు తెచ్చినవాడు "చిన్న దెబ్బే, దవాఖానకు రమ్మన్నరు" అనేవాడు. మనిషి పోయినా అదే మాట. ఇంట్లో ఒంటరిగా వింటే గుండె ఆగిపోతుందేమోనని, దవాఖానలో నలుగురి మధ్య తెలిస్తే నయమని. దయతోనే పుట్టిన మాట అయి ఉంటుంది. కానీ ఏళ్లు గడిచేసరికి దాని లోపల ఏముందో అందరికీ తెలిసిపోయింది. చిన్న దెబ్బ అంటే మనిషి లేనట్టే. నిజంగా చిన్న దెబ్బే తగిలినవాడి ఇంట్లో కూడా శోకాలు మొదలయ్యేవి. వాడు వేలికి కట్టు కట్టుకుని నడుచుకుంటూ వచ్చేదాకా ఆగేవి కావు.

ఐలవ్వకు ఈ సంగతి తెలియదు. రామగిరి దగ్గరి పల్లె నుంచి కొత్తగా కాపురానికి వచ్చింది. ఒకరోజు తాత ఆమె గుమ్మంలో నిలబడి అందరిలాగే "చిన్న దెబ్బే బిడ్డా" అన్నాడు. చుట్టుపక్కల ఆడవాళ్లకు అర్థమైపోయింది. ఐలవ్వ ఒక్కతే నమ్మింది. ఆకలితో ఉంటాడని పప్పు వేడి చేసి, టిఫినులో సర్దుకుని తాత వెంట బయలుదేరింది. తోవ పొడుగునా మాట్లాడింది. మొగుడు కాళ్ల కింద చూసి నడవడట, ఇంట్లో కూడా గడపకు తట్టుకుంటాడట, ఈసారి గట్టిగా చెప్పాలట. తాత సైకిలు నడిపించుకుంటూ ఊ కొట్టాడు. దవాఖాన గేటు దాటాక వార్డుల వైపు కాక, వెనకున్న శవాల గది వైపు తిరిగినప్పుడు ఆమె మాట ఆగింది.

కొన్నాళ్లకు ఐలవ్వ పుట్టింటికి వెళ్లిపోతూ మా ఇంటికి వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు.

"చెప్తె తోవల ఏడ్సుకుంట వస్తుంటి గద కాకా," అన్నది. "నవ్వుకుంట పోయిన."

అంతమాత్రమే అని వెళ్లిపోయింది. తాత ఆ పూట అన్నం తినలేదని బాపమ్మ చెప్పేది.

ఆ తర్వాత ఆయన తీరు మారిపోయింది. చెడ్డ కబురైతే ముందు పోయి తన కళ్లతో చూసేవాడు, ఆలస్యమైందని ఆఫీసులో తిట్లు పడినా సరే. గుమ్మంలో నిలబడి చెప్పేవాడు కాదు. లోపలికి వచ్చి నేల మీద కూచుని, ఎదుటి మనిషిని కూడా కూచోబెట్టేవాడు. చూసింది చూసినట్టు చెప్పేవాడు. పోతే పోయిండనే చెప్పేవాడు. చూడనిది అడిగితే "తెలువది" అనేవాడు. చెప్పడం అయ్యాక "నేనేం చెప్పిన్నో నువ్వు చెప్పు బిడ్డా" అని అడిగేవాడు. సగం మంది మొదటి మాట దగ్గరే ఆగిపోతారని, మిగతాది వాళ్ల చెవుల్లో పడదని ఆయనకు అనుభవం మీద తెలిసింది. కొందరు ఆయనను రాతిగుండె మనిషన్నారు. పోశవ్వ అయితే ఎదురుపడితే తోవే మార్చేది.

ఈ నిజం చెప్పే జబ్బు ఇంట్లోకి కూడా వచ్చింది.

"కూరెట్లుంది?" అని బాపమ్మ అడిగితే, "ఉప్పు లేదు, దవాఖాన కూర తీరుగుంది," అనేవాడు.

"గిదొక్కకాడన్న అబద్ధం ఆడరాదా?" అని ఆమె గిన్నె లాక్కునేది.

నేను అమ్మ కడుపులో ఎనిమిదో నెలలో ఉన్నప్పుడు మా నాన్న యేసుదానం మీద గనిలో బండ కూలింది. పొద్దటి షిఫ్టు. ఆఫీసులో ఉన్న తాత ఆ మాట వినగానే ఇంటికి రాకుండా దవాఖానకు సైకిలు తిప్పాడు. చూడకుండా ఏం చెప్తాడు? ఆఫీసువాళ్లేమో, కన్నతండ్రి చేత చెప్పించడం బాగుండదని నజీర్ అనే ఇంకో అటెండరును మా ఇంటికి పంపారు. నజీర్ మంచివాడు. కాకపోతే పాత పద్ధతి మనిషి.

"అక్కా, ఫికర్ చెయ్యకు. చిన్న దెబ్బే. దవాఖానకు రమ్మన్నరు," అన్నాడు.

మా అమ్మ సుగుణమణి కాలనీలోనే పుట్టి పెరిగింది. ఆ మాటకు అర్థం ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ పట్టుకుని అలాగే కిందికి జారిపోయింది. ఏడవలేదు. చేతులు చల్లబడ్డాయి, నడుంలో నొప్పి మొదలైంది. పక్కింటి నుంచి రబియా బీ ఉరికొచ్చి ఆమె తల ఒళ్లో పెట్టుకుంది.

నజీర్ కంగారుపడ్డాడు. "నిజంగనే చిన్న దెబ్బే అక్కా!"

బాపమ్మ గుండెలు బాదుకుంది.

"అల్లా కసం! కాలికే!"

ఒట్టు పెట్టడం చూసి లైనులోని ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నిజానికి దెబ్బ కాలికేనన్న మాటలో అబద్ధం లేదు. కానీ ఎంత నమ్మించబోతే అంత శోకం పెరిగింది.

"చుప్ బైఠ్ నజీర్!" అని రబియా బీ కసిరింది. "నువ్ నోరు తెరిసినప్పుడల్లా ఆ పిలగాడు ఇంకోసారి సస్తున్నడు!"

అమ్మకు నొప్పి గట్టిపడుతోంది. నాకేమో నెలలు నిండలేదు. నీళ్లు పెదవులకు తాకిస్తే పక్కకు కారిపోతున్నాయి. దవాఖానకు పోదాం లెమ్మంటే ఒళ్లు బిగబట్టుకుంది. అక్కడ తనకు ఏం చూపిస్తారో తెలుసనుకుంది. "నేను రాను" అని ఒక్కటే మాట. ఆ పూట అమ్మ అలాగే ఉండిపోతే నాన్న మిగిలి నేను పోయేదాన్నని రబియా బీ తర్వాత చాలాసార్లు చెప్పింది. ముఖ్యంగా నేను ఆమె జామచెట్టు ఎక్కి కాయలు కోసినప్పుడు చెప్పేది, అప్పుడే పోతే కాయలన్నా మిగిలేవన్నట్టు.

అంతలో తాత వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, లోపలికి వచ్చి, అమ్మ ఎదురుగా నేల మీద కూచున్నాడు.

"సుగుణా, ఇటు సూడు. యేసుదానాన్ని సూసి వస్తున్న."

అమ్మ చూడలేదు.

"పానంతోని ఉన్నడు. కుడికాలు మోకాలు కింద ఇరిగింది, బొక్క బయటికొచ్చింది. నెత్తికి దెబ్బ లేదు. నాతోని మాట్లాడిండు."

"ఏమన్నడు?" అని బాపమ్మ ఏడుపు ఆపి అడిగింది.

"అమ్మకు చెప్పకు, తిడుతది అన్నడు."

"తిట్టనా మరి! పైకి సూసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పిన!"

అమ్మ కళ్లు మెల్లగా తాత వైపు తిరిగాయి. "కాలు మంచిగైతదా మామా?"

అందరూ తాత నోటి వంకే చూశారు. రబియా బీ కళ్లతో సైగలు చేసింది, అయితదను, అయితదను అని.

"తెలువది బిడ్డా," అన్నాడు తాత. "డాక్టర్ సారును అడిగిన. ఇప్పుడే చెప్పలేనన్నడు. కుంటుతడు కావచ్చు."

రబియా బీ తల పట్టుకుంది. అమ్మ మాత్రం అప్పుడు ఏడ్చింది, గట్టిగా, చంటిపిల్లలాగా. ఊరుకోబెట్టే మనిషైతే కాలు బాగవుతుందనే అనేవాడని, ఆ ఒక్కటీ తెలువదన్నాడు కాబట్టి తక్కినదంతా నిజమేనని తనకు ఆ క్షణాన తోచిందని అమ్మ నాతో చెప్పింది.

"నేనేం చెప్పిన్నో చెప్పు."

"బతికున్నడు. కాలు ఇరిగింది," అన్నది అమ్మ వెక్కుతూ. "అత్తమ్మకు భయపడుతున్నడు."

"గంతే."

రబియా బీ నీళ్లిస్తే గ్లాసు మొత్తం తాగి, ఇంకో గ్లాసు అడిగింది. ఖాజా రిక్షా తెచ్చాడు. అమ్మ తనంతట తనే లేచి ఎక్కింది. నొప్పులు సాయంత్రానికి తగ్గాయి. నేను నెలలు నిండాకే, నా ఇష్టం వచ్చినప్పుడే పుట్టాను.

నాన్న ఇప్పటికీ కుంటుతాడు. తర్వాత ఆయనకు గని పైన తేలిక పని ఇచ్చారు. తాత తొంభైల్లో రిటైరయ్యాడు. నా చదువు ఏడో తరగతి దగ్గరే ఆగింది కాబట్టి పెద్ద మాటలు చెప్పలేను. కానీ నేను ఈ భూమ్మీద అన్నం తింటున్నానంటే, కొడుకు కాలు విరిగిన రోజున కూడా తెలియనిదాన్ని తెలుసని చెప్పని మా తాత వల్లే. ఆయన ఉన్నప్పుడు ఈ మాట చెప్పాను. "సరే గని, ముందు ఆ జామకాయ ఇటు ఇయ్యి," అన్నాడు.

ఆ రోజు వార్డులో నాన్న అమ్మను చూడగానే ఏడుపు మొదలుపెట్టాడట. అమ్మ ఆయన చెయ్యి తీసి తన కడుపు మీద పెట్టుకుంది. నేను లోపల్నుంచి ఒక్క తన్ను తన్నాను. నాన్న ఏడుపు ఆపి నవ్వాడు.

మంచం పక్కన నిలబడ్డ బాపమ్మ ముక్కు తుడుచుకుంది.

"అయ్యకు ఒక కాలు ఇరిగితే ఏమాయె," అన్నది, "బిడ్డకు రెండూ పనిచేస్తున్నయ్."