మరచెంబు నీళ్లు తాగిన సడక్

పోయిన వారం అబిడ్స్ వెనక సందులో ఒక పాత ఇల్లు కూలగొడుతున్నారు. దుమ్ము లేవకుండా కూలీ ఒకతను పైపుతో నీళ్లు కొట్టాడు. ఇటుక వాసన గుప్పుమంది. ఏళ్ల తరబడి ఎండిన ఇటుక నీళ్లు తాగేటప్పుడు వచ్చే వాసన. కూరగాయల సంచీతో సందు మధ్యలోనే నిలబడిపోయాను. వెనక ఆటోవాడు హారన్ మోగిస్తూనే ఉన్నాడు కానీ, నాకు వినబడింది శకుంతలక్క గొంతు. "ఆగు, ఆగు! తాగుతున్నది సూడు!"

అరవైల మొదట్లో నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో నాకు మొదటి ఉద్యోగం దొరికింది. పల్లె నుంచి వచ్చినదాన్ని, స్టేషన్ దాటితే దారి తప్పేదాన్ని. శకుంతలక్క అదే బడిలో చరిత్ర చెప్పేది. నాకంటే బాగా పెద్దది, పుట్టింది పెరిగింది ఈ ఊళ్లోనే. నడక మొదలుపెడితే రిక్షావాళ్లే పక్కకు తప్పుకోవాలి. పిల్లల చేత రాజుల పేర్లు బట్టీ పట్టించడమంటే ఆమెకు ఒళ్లుమంట. "రాజు పోయిండు, ఆయన నడిచిన సడక్ ఉన్నది. గది సూపియ్యాలె పిల్లలకు" అనేది. తారు రాకముందు నాంపల్లి నుంచి తూర్పుకు ఇటుకలు పరిచిన పెద్ద రోడ్డు ఉండేదని చిన్నప్పుడు వాళ్ల తాత చెప్పాడట. ఆ మాట పట్టుకుని, ఆదివారమొస్తే నన్ను వెంటేసుకుని సందులన్నీ గాలించేది.

ఆమె సరంజామా కూడా వింతే. ఒక గొడుగు, దర్జీ టేపు, రైలు ప్రయాణాలకు తీసుకెళ్లే మరచెంబు నిండా నీళ్లు. అనుమానం వచ్చిన చోట మూత తిప్పి నీళ్లు ఒంపేది. రాయి అయితే నీళ్లు జారిపోతాయి. ఇటుక అయితే స్స్ అంటూ తాగేస్తుంది, వెంటనే వాసన లేస్తుంది. అలా స్టేషన్ వైపు గోదాముల గోడ పక్కన ఒక ముక్క దొరికింది, అబిడ్స్‌లో బట్టల దుకాణాల వెనక ఇంకొకటి. రెండింట్లోనూ ఇటుకలు నిలువుగా, చాప అల్లినట్టు పేర్చి ఉన్నాయి. బషీర్‌బాగ్‌లో చరిత్ర మీద మాట్లాడుకునే పెద్దమనుషుల దగ్గర ఈ సంగతి చెబితే వాళ్లు నవ్వారు. "ఎవరివో గుర్రాల కొట్టాల్లో నేలకు పరిచిన ఫర్షి అయి ఉంటదమ్మా. సడక్ అంటే నడుమ ముక్క ఏది?" అన్నారు. అక్క మొహం కందగడ్డ అయింది. వచ్చే ఆదివారం మళ్లీ వస్తానని చెప్పి లేచింది.

ఆ ఆదివారం రాకముందే, ఒక సెలవురోజు పొద్దున, నడుమ ముక్కను కనిపెట్టింది నేనే! అబిడ్స్ వెనక ఇదే సందు మలుపులో ఒక అవ్వ వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతోంది. చల్లిన నీళ్లు మిగతా చోట్ల నిలిచాయి కానీ, వాకిలి మధ్య ఒక పట్టీ మేర గుటుక్కున ఇంకిపోయాయి. "అక్కా, తాగుతున్నది!" అని అరిచాను. ఇద్దరం చీరలెత్తుకుని పరుగెత్తాం. అవ్వ మాత్రం టేపు చూసి గేటుకు అడ్డం నిలబడింది. పక్క సందులో అప్పటికే రోడ్డు వెడల్పు కోసం గోడల మీద ఎర్ర గుర్తులు పెడుతున్నారు.

"సర్వేకు వచ్చిన్రా?"

"కాదవ్వా, మేం పంతులమ్మలం."

"పంతులమ్మలకు టేపెందుకు? జాకెట్లు గిట్ల కుడ్తరా?"

అక్క పకపకా నవ్వి టేపు నా సంచిలో పడేసింది, తాగడానికి నీళ్లడిగి అరుగు మీద కూర్చుంది. కాసేపటికి ఆ అవ్వే వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి ఇచ్చింది. దానితోనే మట్టి గీరాం. ఎర్రగా, చాప అల్లిక! బండిచక్రాలు అరగదీసిన గాడి కూడా! ఆ గాడి తిన్నగా పోయి ఇంటి గోడ కిందికి దూరింది. అక్క నన్ను వాటేసుకుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అవ్వ వంగి చూసింది. "గీ సడక్ నా ఇంట్లకెళ్లి పోతున్నదా? గట్లయితే ఇల్లు సర్కారుదని కూలగొడ్తరా బిడ్డా? నాకింకేం లేదు."

అక్క ఒక్క క్షణం ఆ ఇటుకల వంకే చూసింది. తర్వాత మట్టిని రెండు చేతులా లాగి కప్పేసి, అరచేత్తో తట్టింది.

"సడక్ కాదవ్వా. ఎవలదో గుర్రాల కొట్టం ఫర్షి. ఫికర్ జెయ్యకు."

ఆదివారం బషీర్‌బాగ్‌లో కూడా అదే మాట అంది. నడుమ ముక్క దొరకలేదంది. పెద్దమనుషులు మళ్లీ నవ్వారు, ఈసారి ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది. నాకు కోపం ఆగలేదు. బయటికి రాగానే "మనకు దొరికింది కదా, ఎందుకు చెప్పలేదు?" అని దులిపేశాను.

"దొరికింది గదనే! నీ కాళ్లు తొక్కినయ్, నా కాళ్లు తొక్కినయ్. ఆమె నెత్తి మీద ఇల్లు ఉండనీ" అంది. ఆ సంబరంతోనే నాంపల్లి దాకా నడిపించింది. దారిపొడవునా బండిగాడి గురించే మాట్లాడింది.

ఆమె వల్లే నాకు రోడ్లన్నా పాత గోడలన్నా ఇప్పటికీ గుండె గంతులేస్తుంది. ఏదైనా కొత్తగా తెలిస్తే, నోరు విప్పేముందు దాని మీద ఎవరి ఇల్లుందోనని చూసుకుంటాను. ఈ అలవాటూ ఆమె ఇచ్చిందే.

శకుంతలక్కా లేదు, అవ్వా ఎప్పుడో పోయింది. కూలీలు పడగొడుతున్నది అవ్వ ఇల్లే, ఇప్పుడు అదీ పోయింది. అక్కడి వాచ్‌మన్ దగ్గరికొచ్చి "ఏం సూస్తున్నరమ్మా?" అని అడిగాడు. సంచిలోంచి నీళ్ల సీసా తీసి, మట్టిలోంచి తేలిన ఎర్ర అంచు మీద ఒంపాను. స్స్ మంది.

"సడక్" అన్నాను గట్టిగా. "గుర్రాల కొట్టం కాదు. నాంపల్లి నుంచి వచ్చిన సడక్."