వేలు దాటిన లైను

నిన్న పక్క బస్తీ బాగ్‌బేరా నుంచి ఒకామె తన భర్త ఆసుపత్రి వాళ్లిచ్చిన ఇంగ్లీషు కాగితాలు తెచ్చి, చదివి చెప్పమంది. అప్పుడే జిరాక్సు తీయించినట్టుంది, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆ వెచ్చటి కాగితం వాసనకి అప్పన్న మేస్త్రీ గుర్తొచ్చాడు.

డెబ్బైల చివర్లో నేను ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరినప్పుడు నాకు పని నేర్పింది ఆయనే. శ్రీకాకుళం వైపు మనిషి, ఇంగ్లీషు రాదు. మిషను విప్పే ముందు పర్మిట్ కాగితంలో ప్రతి లైను కిందా వేలు పెట్టి, పైకి చదివి, అర్థం చెప్పమనేవాడు. ఆయన చూపంతా నా వేలి మీదే. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి బళ్లో పిల్లాడిలా చదివిస్తున్నాడని లోపల ఉడికిపోయేవాణ్ణి.

"సెయ్యెట్టేది నాను. నాకు తెలియాల కదా," అనేవాడు.

కొన్నేళ్లకి ఆయనకి ఊపిరితిత్తుల్లో క్యాన్సరన్నారు. భార్య పోయింది, పిల్లల్లేరు. సెలవు పెట్టి నేనే కలకత్తా తీసుకెళ్లాను. అక్కడ ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. కొందరికి మామూలు వైద్యం, కొందరికి దానితోపాటు కొత్త మందు. ఎవరికేదో అంటించిన కవర్లో ఉంటుంది, డాక్టరు కూడా ఎంచలేడు. నేను మాత్రం కంపెనీ క్వార్టర్‌కి సిఫార్సు చేసినట్టు, "ఈయనది ముప్పై ఏళ్ల సర్వీసు, కొత్త మందు ఇప్పించండి," అన్నాను. డాక్టరు అప్పుడే జిరాక్సు తీయించిన ఒప్పుకోలు కాగితం చేతికిచ్చాడు, ఇంకా వెచ్చగా ఉంది.

మంచం పక్కన కూర్చుని వేలు పెట్టి చదివాను. రెండో పేజీలో వేలు ఆగింది, కిందికి జారింది.

"ఓ లైను దాటేసినావు బాబూ. ఏటుందక్కడ?"

"మందు మీకు పని చేయకపోవచ్చు, ఈ పరీక్షలో తెలిసింది తర్వాత వచ్చే రోగులకి ఉపయోగపడొచ్చు అని."

"మరెందుకు దాసినావు?"

"మీరు భయపడతారని."

"భయం నాది. నానే పడతాను. నీకెందుకు?"

కాగితం నా చేతిలోంచి తీసుకుని, పక్క మంచం బెంగాలీ ఆయనతో హిందీలో మొదటినుంచీ చెప్పించుకున్నాడు. అప్పుడు తెలుగులో సంతకం పెట్టాడు. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. అంత నిండుగా ఉన్న వార్డులో నేను ఎవరికీ ఏమీ కాననిపించింది.

కవర్లో మామూలు వైద్యమే వచ్చింది. "ఎవలికో ఒకలికి రావాల కదా," అన్నాడు. ఆ తర్వాత వైద్యానికి రైల్లో ఒక్కడే కలకత్తా వెళ్లి వచ్చేవాడు. తోడు వస్తానంటే, "నీ డ్యూటీ సూసుకో బాబూ," అనేవాడు. కోపంగా అని ఉంటే బాగుండేది. ఏడాది తిరక్కుండానే పోయాడు. మళ్లీ ఏ కాగితమూ నాచేత చదివించలేదు.

నిన్న ఆ బాగ్‌బేరా ఆమెకి కూడా వేలు పెట్టే చదివాను. మందు పని చేయకపోవచ్చనే లైనే వచ్చింది, వేలు ఆగింది. ఆమె నా వేలి వంక చూస్తోంది. చదివాను.