తిప్పితే పోయిన అంచు

ఆ యాప్‌ని పెడనలో మా ఇంటి ముందుగదిలో కూర్చునే రాశాను. అందులో కలంకారీ అచ్చుల ఫొటోలుంటాయి. వేలితో ఒక్కోటీ జరిపి పక్కపక్కన పేర్చుకుంటే చీర అంచు తయారవుతుంది. బాగా కుదిరిందని నాకు కాస్త పొగరు కూడా.

మొదట పక్కింటి మావయ్యగారికిచ్చాను. చుట్టరికం లేదు, పిలుపే. జీవితమంతా ఆయనది అద్దకం పని. ఆ యాప్‌తో ఆయనకి కావలసింది ఒక్కటే: చనిపోయిన అత్తయ్యగారు తనకోసం కూర్చుకున్న అంచుని మళ్లీ చూడాలి. ఆ అంచున్న చీర ఒక్కటే ఉండేది. ఆ చీరలోనే ఆవిణ్ణి సాగనంపారు.

బయట సన్నగా వాన. మధ్యాహ్నమైనా గదిలో వెలుతురు బూడిదరంగుగా ఉంది. ఆయన కళ్లు సగం మూసుకుని, "మొగ్గ, ఆకు, మళ్లీ మొగ్గ" అని గొణుక్కుంటూ పేరుస్తున్నారు. వింటూ వింటూ నాకూ మగత కమ్మింది. అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారేమో అనిపించింది.

"ఇదేనమ్మా," అన్నారు ఉన్నట్టుండి.

అంచు అద్దాక, కట్టుకుంటే ఎలా పడుతుందోనని గుడ్డని అడ్డంగా తిప్పి చూసుకోవడం ఆయనకి అలవాటు. ఫోన్నీ అలాగే తిప్పారు. స్క్రీన్ ఖాళీ అయిపోయింది.

ఫోన్ తిప్పితే లోపల ఆ స్క్రీన్ మూతపడి కొత్తగా తెరుచుకుంటుంది. మూతపడే ముందు ఉన్నదంతా దాచి, తెరుచుకున్నాక మళ్లీ పెట్టాల్సిన బాధ్యత రాసినవాళ్లది. ఆ పని చేసే కోడ్ నేను రాయలేదు. ఆ మాట చెప్పకుండా, "ఎందుకు తిప్పారండీ?" అని కసిరాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నా చేతులతో నేనే చెరుపుకున్నాను," అన్నారాయన. ఆ సాయంత్రం ఎంత పేర్చినా ఆ వరస మళ్లీ గుర్తురాలేదు.

మర్నాటికి సరిచేసి, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పి, పేర్చింది పోవడంలేదని చూపించాను. తలూపారు.

వారం తిరక్కుండానే కేకేశారు. అంచు దొరికింది. ఫోన్ అద్దకం బల్ల మీద పడుకోబెట్టి ఉంది.

"అడ్డంగా చూడాలంటే తిప్పండి మావయ్యగారూ, ఏం కాదు," అన్నాను.

"నీ మీద నమ్మకం లేక కాదమ్మా. ఇంకోసారి పోతే తట్టుకోలేను."

ఫోన్ని ముట్టుకోకుండా, బల్ల పట్టుకుని నెమ్మదిగా తనే పక్కకి నడిచి వెళ్లి, అక్కణ్ణుంచి వంగి చూశారు.