ఎక్కడికి అని అడగకూడని మనిషి

శృంగవరపుకోటలో లక్ష్మీనరసమ్మ గుమ్మం దిగుతోందంటే వీధి వీధంతా నోటికి తాళం వేసుకుంటుంది. పొరపాటున ఎవరైనా "ఎక్కడికి?" అన్నారా, అంతే. ఆవిడ వెనక్కి తిరిగి అరుగు మీద కూలబడుతుంది, చెంబుడు నీళ్ళు తాగుతుంది, ఆ తర్వాత ప్రయాణం మళ్ళీ మొదటినుంచి. తెలిసినవాళ్ళు "దూరమా, వదినా?" అని సరిపెడతారు. కొత్తగా వచ్చిన పాలవాడు ఒకసారి నోరు జారి ఆమెకు గజపతినగరం బస్సు తప్పించాడు. ఆనాటినుంచి ఆ ఇంట్లో పాలు పోసి పారిపోవడమే గానీ పలకరింపు లేదు.

చాదస్తమని భర్త నరసింగరావు నవ్వుతాడు గానీ గట్టిగా నవ్వడు. ఆమె చెల్లెలు కుసుమకుమారి ఒక పొద్దున విజయనగరం బయలుదేరుతుంటే ఎదురింటావిడ ఎక్కడికని అడిగింది. కాసేపు కూర్చోమని అక్క బతిమాలింది. బస్సు పోతుందని చెల్లెలు వినలేదు. ఆ బస్సు విజయనగరం చేరలేదు. అప్పటికి నడక కూడా రాని కుసుమ కూతురు ఝాన్సీ ఆవేళ పెద్దమ్మ చంకెక్కింది.

ఇప్పుడు ఆ ఝాన్సీకే పెళ్ళి, అదీ తను నర్సుగా పనిచేస్తున్న జర్మనీలో. పెళ్ళికొడుకు ఫెలిక్స్ అక్కడివాడే. నరసింగరావుకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి లక్ష్మీనరసమ్మ ఒక్కతే విమానమెక్కింది. పుస్తెలు ఆమె రొంటిలో ఉన్నాయి. అవి చేరితేనే పెళ్ళి.

విమానం ఆలస్యమై సరిగ్గా పెళ్ళినాటి పొద్దున దిగింది. ఎదురొస్తానని ఝాన్సీ ఫోను చేస్తే పెద్దమ్మ ఒప్పుకుంటేనా!

"నలుగెట్టిన గుంటవి, గడప దాటతావేటే? నానొచ్చీగలను. ఇంట్లో కూకో."

ఒక రైలెక్కింది, ఝాన్సీ చెప్పిన స్టేషన్లో దిగింది. అంతవరకూ బాగానే ఉంది. రెండో రైలు ఎదురుగా తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. కాలు ఎత్తబోయింది. ఎర్రటోపీ పెట్టుకున్న రైల్వే అమ్మాయి ఒకతె, సాయం చేద్దామని పాపం, నవ్వుతూ అడిగింది: "వేర్ ఆర్ యూ గోయింగ్?"

ఝాన్సీ చేత ఇంగ్లీషు వల్లె వేయించిన పుణ్యాన 'వేర్' అంటే ఏమిటో లక్ష్మీనరసమ్మకు తెలుసు. తెలియకపోయినా బాగుండేది. ఎత్తిన కాలు దించి, పెట్టె మీద కూర్చుని, సీసా మూత తీసింది. రెండో గుక్క దిగేలోపు తలుపులు మూసుకుని రైలు వెళ్ళిపోయింది. మన స్టేషన్లో అయితే చెయ్యూపి, గార్డుని నాలుగు తిట్టి ఎక్కేది. ఇక్కడ తిడదామన్నా తలుపులకు చెవులు లేవు.

తర్వాతి రైలు కాస్త ఆలస్యమని బోర్డు మీద పడింది. కాసేపటికి ఆ కాస్తా ఇంకాస్త అయింది. చుట్టూ జనం గడియారాలు చూసుకుంటూ, ఉసూరుమంటూ అటూ ఇటూ తిరుగుతున్నారు. ఆలస్యంలో కాలుగాలిన పిల్లుల్లా తిరిగితే బండి తొందరగా వస్తుందా? లక్ష్మీనరసమ్మ తువ్వాలు పరిచి పులిహోర డబ్బా విప్పింది. పక్కనున్న ముసలాయనకు ఆకులో పెట్టి ఇచ్చింది. "తినండి బావుగారూ, బండి రాకేటి సేస్తాది!" అంది. ఆయన తిన్నాడు, ఎండుమిరపకాయతో సహా. తర్వాత ఆమె నీళ్ళ సీసా కోసం చెయ్యి చాపాడు.

అంతలో ఝాన్సీ ఫోను. "పెద్దమ్మా, జగన్నాధం పంతులుగారు వీడియోలో కూకుని గోల పెడతన్నారు. ఈ లగ్నం దాటితే ఇయాల మరో మంచిది లేదంట. బేగి రా!"

అప్పటివరకూ ధీమాగా ఉన్న మనిషి గబగబా పులిహోర డబ్బా మూసేసింది. తన చేతులారా రైలు వదిలేసి, పిల్ల పెళ్ళి తనే చెడగొట్టుకుంటున్నానా అని ఏడుపొచ్చింది.

ఎట్టకేలకు రైలు వచ్చింది. పెట్టె అందుకోవడానికి ఎర్రటోపీ పిల్ల పరిగెత్తుకొచ్చింది. మళ్ళీ అదే నవ్వు, మళ్ళీ అదే ప్రశ్న.

"ఓలమ్మ! నీకింకో మాటే రాదేటే?" అంది లక్ష్మీనరసమ్మ.

కూర్చుంటే లగ్నం పోతుంది. కూర్చోకపోతే... కుసుమ ముఖం కళ్ళముందు కదిలింది. ఒక్క క్షణం తటపటాయించి, రైల్లోకి దూకి, తలుపు పక్కనే నేల మీద చతికిలబడి గటగటా నీళ్ళు తాగింది. కూర్చోవాలన్నారు గానీ ఎక్కడ కూర్చోవాలో పెద్దలెవరూ చెప్పలేదు కదా! బండెక్కానని ఝాన్సీకి ఫోను కూడా చేసింది. అయినా రైలు కదల్లేదు. ముందు ఎక్కడో సిగ్నలు పాడైందట. "సూసినావా, బండి కూడా కూకున్నాది" అని ఎదురు సీట్లో కూర్చున్న పులిహోర ముసలాయనతో అంది. ఆయన ఎందుకైనా మంచిదని తలూపాడు. కదిలాక మాత్రం ఆమె చేతిని రొంటి మీదనుంచి తియ్యలేదు. దారి పొడుగునా భయపడుతూనే ఉంది.

దిగేసరికి ప్లాట్‌ఫారం మీద పట్టుచీర, నుదుట బాసికం, బుగ్గన చుక్కతో ఝాన్సీ నిలబడి ఉంది. పక్కన పంచె ఊడిపోకుండా రెండు చేతులా పట్టుకుని ఫెలిక్స్.

"గడప దాటొచ్చీసినావేటే, దరిద్రగొట్టు దానా!" అని పెద్దమ్మ విరుచుకుపడింది.

ఝాన్సీ ఆమెను వాటేసుకుంది. "బండి ఎక్కినానని సెప్పినావు, మరి రాలేదు. అమ్మ కూడా అలాగే కదా ఎల్లింది! ఇంట్లో కూకోలేకపోయినాను, పెద్దమ్మా."

లక్ష్మీనరసమ్మ పిల్ల బుగ్గన చెరిగిన చుక్కను చీర కొంగుతో తుడిచింది.

"లగ్నం ఉన్నాదా?"

"కొంచెం ఉన్నాది. పరిగెట్టాల."

ముగ్గురూ పరిగెత్తి టాక్సీలో పడ్డారు. డ్రైవరు వెనక్కి తిరిగి, అడగవలసిందే అడిగాడు. ఎక్కడికి?

సంగతి ముందే తెలిసిన ఫెలిక్స్ నీళ్ళ సీసా తీసి అందించాడు. ఝాన్సీ కారు తలుపు తీసి, దిగడానికి సిద్ధమై పెద్దమ్మ ముఖంలోకి చూసింది.

లక్ష్మీనరసమ్మ చెయ్యి చాపి ఆ తలుపు గట్టిగా లాగి మూసింది.

"పెళ్ళికి, నాయనా! మా గుంట పెళ్ళికి! బేగి పోనీ!"