పదకొండు అంగలు

ఈ ఆదివారం పొద్దున ముగ్గు డబ్బా, కొత్త టేపు పట్టుకుని ఇబ్రహీంపట్నం చెరువు శిఖంలో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే నేలలో, ఉన్న మా ఫుట్‌బాల్ గ్రౌండుకు వచ్చేసరికి నీళ్లు కార్నర్ జెండాకు నాలుగు మీటర్ల దూరంలో ఉన్నాయి. మొన్న తొమ్మిది, నిన్న ఆరు. ఈ సాయంత్రం ఇక్కడ ఆడబోయేది పోయిన నెలలో మేము గెలిచిన మ్యాచే, మళ్లీ మొదటి నుంచి. ఇది ఓడితే మా క్లబ్బు జిల్లా లీగులో అట్టడుగున మిగిలిపోతుంది, అట్టడుగు జట్టుకు వచ్చే ఏడు లీగులో చోటుండదు. గెలిచిన మ్యాచ్‌ను మళ్లీ ఆడవలసి రావడానికి కారణం నేనే.

నాలాగే ముప్పైకి దగ్గరపడుతున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు ఈ చెరువులో ఏళ్ల తరబడి నీళ్లు ఉండేవి కావు, పగుళ్లు పట్టిన నేల ఎంతవరకు కనిపిస్తే అంతవరకు గ్రౌండే. కొలతలన్నీ మా కాకవి, అంటే నాన్న తమ్ముడివి. ఇప్పుడు క్లబ్బు కోచ్ అయిన ఆయన అప్పుడు గోల్‌కీపరు. గోలు గీతకు మడమ ఆనించి, పైకి లెక్కపెడుతూ పదకొండు అంగలు వేసి, ఆగినచోట బొటనవేలితో నేలమీద గీసేవాడు. అదే పెనాల్టీ గుర్తు. గోలుకు కట్టే వల చేపలు పట్టే ఇండ్లవాళ్లు పాతబడ్డాక ఇచ్చింది కాబట్టి, ఆట ముగిసేసరికి కాక చొక్కా చేపల వాసన కొట్టేది. పాలిటెక్నిక్‌లో చేరిన కొత్తలో, ఆయన తప్పు పట్టుకోవాలనే, టేపు తెచ్చి ఆ పదకొండు అంగలు కొలిచాను. పదకొండు మీటర్లకు రెండు వేళ్ల తేడా కూడా రాలేదు. కాక నవ్వి, ఆనాటి నుంచి ముగ్గు పని నాకు అప్పగించాడు గానీ, నేను గుర్తు పెట్టాక తానొకసారి అంగలేసి చూసుకోవడం మాత్రం మానలేదు.

ఈ సీజను నా నోటుబుక్కులో వరుసగా ఉంది. మొదటిది, జల్‌పల్లి చేతిలో ఓటమి. మా డిఫెండరు పెళ్లిచూపులకు పోయాడు. రెండోది డ్రా. మూడోది ఓటమి, ఆఖరి నిమిషంలో. నాలుగోది వాన వల్ల వాయిదా, తరువాత ఓటమి. ఈలోగా చెరువులోకి నీళ్లు రావడం మొదలైంది. మా జట్టులో సగం మంది తండ్రులు చేపలు పట్టేవాళ్లే కావడంతో ఇంట్లో సంబరం, గ్రౌండులో దిగులు. మా కెప్టెన్ తండ్రి అయితే గట్టుమీద నిలబడి, "నీళ్లొస్తే మీకేం ఫికర్‌రా, ఈత కొట్టుకుంట ఆడుండ్రి" అని ఎగతాళి.

ఐదోది పెద్ద అంబర్‌పేట్‌తో, మా గ్రౌండులో. ముందురోజు రోడ్డు వైపు గీతలన్నీ పోశాను. చెరువు వైపు తడిగా ఉందని పొద్దుటికి వదిలేశాను. పొద్దున బురదలోంచి లాగుతుంటే టేపు కొస తెగి, మొదటి మీటరు ముక్క రింగుతో సహా ఊడిపోయింది. నేను చేసే సర్వే పనిలో ఇది మామూలే. ఒకటి అంకె దగ్గర పట్టుకుని కొలిచి, వచ్చినదాంట్లోంచి ఒకటి తీసేస్తాం. అలాగే పట్టుకుని పెనాల్టీ గుర్తు పెట్టాను. ముందురోజు రాలేకపోయిన కాక, ఆట వేళ అవుతోందని ఆ ఒక్క గుర్తు దగ్గరే అంగలేసి, పదకొండు అని తలూపి వెళ్లిపోయాడు. రెండో సగంలో ఆ వైపే మాకు పెనాల్టీ దొరికింది. కెప్టెన్ కొట్టిన బంతి వాళ్ల కీపరు వేళ్లకు తగిలి మరీ లోపలికి పోయింది. సీజనులో మా ఒకే ఒక్క గెలుపు అది.

మూడు రోజుల తరువాత బొంగులూరు దగ్గర ఇళ్ల స్థలాల వెంచరులో అదే టేపుతో ప్లాటు కొలుస్తున్నాను. అవతలి కొస పట్టుకున్న పెద్దాయన అలవాటుగా, "తమ్మీ, ఒకటి తీసినవా?" అని కేకేశాడు. ప్లాటులో తీశాను. గ్రౌండులో తీయలేదు. టేపు మీద పదకొండు అంటే నేలమీద పది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ గుర్తును అప్పటికే వాన కడిగేసింది, నేను నోరు మూసుకుంటే తెలిసే దారి లేదు. చెప్పడానికి, చెప్పకపోవడానికి కారణాలు రెండు వరుసల్లో రాసుకుంటే, చెప్పకపోవడానికే ఎక్కువ వచ్చాయి. అయినా ఆ కీపరు వేళ్లు కళ్లముందు నుంచి పోలేదు. చివరికి కాక ఇంటికి వెళ్లి చెప్పాను.

"నేను అంగలేసి సూసిన గద. పదకొండే వచ్చినై. నువ్వే ఏదో పరేషాన్ అయితున్నవ్" అన్నాడు. నేను తెగిన టేపు తీసి చూపించాను. బంతికి గాలి కొడుతూ, "ఇంకో మీటరు దూరముంటే ఆ పోరడు ఆపేటోడురా" అన్నాడు. అంతే. మర్నాడు లీగువాళ్లకు ఉత్తరం తానే రాశాడు. మ్యాచ్ మళ్లీ పెట్టారు. కెప్టెన్ నన్ను చూసినప్పుడల్లా, "సర్వేయర్ సాబ్‌కు ఒక కప్పు ఇయ్యుండ్రి, ఆయనొక్కడే గెలిచిండు" అంటున్నాడు. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా మాట్లాడటం లేదు.

ఈ పొద్దున రింగు ఉన్న కొత్త టేపుతో రెండుసార్లు కొలిచి గుర్తు పెట్టాను. కాక వచ్చి ఎప్పటిలాగే గోలు గీతకు మడమ ఆనించి బయలుదేరాడు. పదకొండు అన్న చోట ముగ్గు చుక్క ఇంకా ముందే ఉంది. ఇంకో అంగ వేస్తే గానీ అందలేదు.

"మళ్ల తప్పు కొలిచినవ్‌రా" అన్నాడు.

నేను టేపు ఆయన చేతికిచ్చి, రింగును గోలు గీత మీద నొక్కి పట్టుకున్నాను. చుక్క దగ్గర అంకె చూశాడు. వంగి మళ్లీ చూశాడు. తరువాత ఈ ఏడాదిగా పట్టేస్తున్న తన కుడి మోకాలి వైపు చూసుకున్నాడు. ఆ పొద్దున నా టేపులో మీటరు తగ్గితే, ఆయన పదకొండు అంగలూ కలిపి అంతే తగ్గి ఉండి, రెండు తప్పులూ కలిసి సరిపోయాయన్నది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

"ఇగ నుంచి టేపే సూడు బిడ్డా" అని, నీళ్ల దిక్కు నడిచి, కార్నర్ జెండా సరిచేస్తూ నిలబడ్డాడు.

సాయంత్రం గెలుస్తామో లేదో తెలియదు. నీళ్లు లేని చెరువులో, కొలత తప్పని మనిషి వెనక లెక్క చెప్పుకుంటూ నడిచిన రోజుల్లో, ఆయన తప్పు ఒక్కటి పట్టుకోవాలని ఎంత ఆశపడ్డానో ఇప్పుడు గుర్తొస్తోంది. ఇన్నేళ్లకు పట్టుకున్నాను. పదకొండు మీటర్ల టేపు చుట్టడానికే ఎందుకో చాలాసేపు పట్టింది.